మాజీ సైనికుడికి కార్డొక్కటే చాలదు.. 48 గంటల గడువూ కీలకమే

హసన్‌పర్తి: ఏళ్ల తరబడి సైన్యంలో సేవలందించి స్వగ్రామానికి చేరిన జవానుకు, అతని కుటుంబానికి వైద్యపరంగా అండగా నిలిచేది మాజీ సైనికుల భాగస్వామ్య ఆరోగ్య పథకం. ఈసీహెచ్‌ఎస్‌గా వ్యవహరించే ఈ పథకం 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. హసన్‌పర్తి మండల వాసులు దీని కోసం సికింద్రాబాద్ వరకు వెళ్లనక్కరలేదు. వరంగల్‌లోనే పాలీక్లినిక్ ఉంది. అయితే కార్డును ఎప్పుడు, ఎలా వాడాలన్నది చాలా ఇళ్లలో ఇంటి పెద్ద ఒక్కరికే తెలుసు. ఆయనే మంచాన పడిన రోజున చిక్కులు మొదలవుతాయి.

సాధారణ అనారోగ్యమైతే సభ్యుడు ముందుగా పాలీక్లినిక్‌కు వెళ్లాలి. అక్కడి వైద్యాధికారి పరీక్షించి మందులు ఇస్తారు. నిపుణుల చికిత్స, శస్త్రచికిత్స అవసరమని భావిస్తే సైనిక ఆసుపత్రికి గానీ, పథకం గుర్తింపు ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి గానీ సిఫారసు పత్రం రాస్తారు. ఆ పత్రం, స్మార్ట్‌కార్డు చూపితే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో నగదు చెల్లించకుండానే చికిత్స పొందవచ్చు. సిఫారసు లేకుండా నేరుగా వెళ్లి శస్త్రచికిత్స చేయించుకుని, ఆపై బిల్లు తెస్తే తిరస్కరణకు గురయ్యే అవకాశమే ఎక్కువ.

అర్ధరాత్రి ఆపద వస్తే..

గుండెపోటు, పక్షవాతం, రోడ్డు ప్రమాదం, పాముకాటు వంటి ప్రాణాపాయ స్థితిలో సిఫారసు పత్రం కోసం ఆగనక్కరలేదు. దగ్గరలోని ఏ ఆసుపత్రిలోనైనా చేర్పించవచ్చు. ఇక్కడే రెండు దారులున్నాయి. అది గుర్తింపు పొందిన ఆసుపత్రి అయితే కార్డు చూపాలి. పాలీక్లినిక్‌కు సమాచారం ఇచ్చే బాధ్యత ఆసుపత్రి వర్గాలదే. గుర్తింపు లేనిదైతే ఆ బాధ్యత కుటుంబ సభ్యులది. చేర్పించిన 48 గంటల్లోగా సమీప పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. బిల్లు ముందుగా సొంతంగా చెల్లించి, డిశ్చార్జి పత్రం, అసలు బిల్లులు, అత్యవసర స్థితిని ధ్రువీకరించే వైద్యుని పత్రం జతచేసి దరఖాస్తు చేసుకోవాలి.

తిరిగి వచ్చే సొమ్ము ఆసుపత్రి వేసిన బిల్లు మేరకు ఉండదన్నది చాలామంది గ్రహించని విషయం. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం రేట్ల ప్రకారమే లెక్కగడతారు. రెండింటి మధ్య తేడాను కుటుంబమే భరించాలి. అందుకే రోగి పరిస్థితి కుదుటపడ్డాక గుర్తింపు పొందిన ఆసుపత్రికి మార్చడం మేలు. ఏయే ఆసుపత్రులకు గుర్తింపు ఉందో ముందే పాలీక్లినిక్‌లో అడిగి రాసి పెట్టుకోవాలి. ఈ జాబితా మారుతూ ఉంటుంది కనుక పాత కాగితాన్ని నమ్ముకోరాదు.

ఎవరు అర్హులు?

ప్రధానంగా పెన్షన్ పొందుతున్న మాజీ సైనికులు, కుటుంబ పెన్షన్ పొందుతున్న వితంతువులు అర్హులు. భార్య లేదా భర్తతో పాటు, ఉద్యోగం లేని అవివాహిత కుమారుడికి 25 ఏళ్ల వరకు, కుమార్తెకు వివాహం లేదా ఉద్యోగం వచ్చే వరకు వర్తిస్తుంది. తల్లిదండ్రుల ఉమ్మడి ఆదాయం నెలకు రూ.9 వేలు, దానిపై కరవు భత్యం కలిపిన మొత్తానికి లోపు ఉంటే వారినీ చేర్చవచ్చు. వైకల్యం గల పిల్లలకు వయోపరిమితి లేదు.

సభ్యత్వ రుసుము ఒక్కసారే చెల్లించాలి. 2017 చివరలో సవరించిన ప్రకారం హవల్దార్ వరకు రూ.30 వేలు, నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ వరకు రూ.67 వేలు, అధికారులకు రూ.1.20 లక్షలు. 1996 జనవరి 1కి ముందు పదవీ విరమణ చేసినవారికి, యుద్ధ వితంతువులకు ఈ రుసుము లేదు. 2003 ఏప్రిల్ తర్వాత పెన్షన్‌తో విరమణ పొందినవారికి సభ్యత్వం తప్పనిసరి. అంతకు ముందువారు ఇష్టపూర్వకంగా చేరవచ్చు.

వితంతువులకు పత్రాల చిక్కు

మాజీ సైనికుడు మరణిస్తే ఆయన పేరిట ఉన్న కార్డు స్థానంలో భార్య పేరుతో కొత్త కార్డు తీసుకోవాలి. ఇందుకు పెన్షన్ పత్రంలో, సైనిక రికార్డుల్లో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోలాలి. ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట లేకుండా ఉన్నా అభ్యంతరం చెబుతారు. రికార్డు ఆఫీసు ద్వారా సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది. భర్త జీవించి ఉండగా ఒక్క ఉత్తరంతో జరిగే పని ఆ తర్వాత అఫిడవిట్ల దాకా వెళుతుంది. ఇటువంటి సవరణలకు హనుమకొండలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో సహాయం పొందవచ్చు.

పథకం అంతా సవ్యంగా ఉందనీ అనలేము. పాలీక్లినిక్‌లలో మందుల కొరతను, బిల్లుల చెల్లింపుల్లో లోపాలను కాగ్ 2015 నివేదికలో ఎత్తిచూపింది. బకాయిలు పేరుకుపోయినప్పుడు ప్రైవేటు ఆసుపత్రులు ఈ కార్డుదారులను చేర్చుకోవడానికి వెనకాడిన సందర్భాలూ దేశంలో ఉన్నాయి. అలాంటప్పుడు వాగ్వాదానికి దిగే కన్నా పాలీక్లినిక్ ఇన్‌ఛార్జి అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నకలు దగ్గర ఉంచుకోవాలి. అక్కడ పరిష్కారం కాకుంటే హైదరాబాద్ ప్రాంతీయ కేంద్రాన్ని ఆశ్రయించవచ్చు.

పెన్షన్‌కు సరిపడా సర్వీసు లేకుండా వచ్చేసిన జవాన్లకు సాధారణంగా ఈసీహెచ్‌ఎస్ వర్తించదు. వీరిలో హవల్దార్ స్థాయి వరకు ఉన్నవారు రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి వైద్య సహాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ దరఖాస్తులు సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే వెళతాయి. ఆహార భద్రత కార్డు ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్యశ్రీ మరో మార్గం. దాని పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు.

పిల్లల వద్ద ఉండేందుకు హైదరాబాద్‌కో, బెంగళూరుకో వెళ్లే వృద్ధ దంపతులు కార్డును వెంట తీసుకెళ్లాలి. వరంగల్‌లో నమోదైనా దేశంలోని ఏ పాలీక్లినిక్‌లోనైనా వైద్యం అందుతుంది.