పిండి ముట్టని మా చిన్నోడు

చేతికి కాస్త జిగురు అంటితే చాలు, వేళ్ళు విడదీసి పట్టుకుని "తుడు, తుడు" అని ఏడ్చే పిల్లలు మీ ఇంట్లో ఉన్నారా? అయితే ఇది మీకోసమే.

మావాడికి మూడేళ్ళు. పప్పన్నం ముట్టుకోడు, పెరుగన్నం సంగతి సరేసరి. నేను స్పూన్‌తో పెట్టాల్సిందే. వీడియో కాల్‌లో మా అత్తగారు "చేత్తో తినడం కూడా నేర్పలేదా అమ్మా?" అన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఇక్కడ మాంచెస్టర్‌లో నాకు వార్డులో నైట్ డ్యూటీలు, ఆయనకి పగలు ఉద్యోగం. గబగబా స్పూన్‌తో పెట్టేసి పని అయిందనిపించుకున్నది నేనే కదా అని బాధ. హెల్త్ విజిటర్ మాత్రం, కొందరు పిల్లలకి తడీ జిగురూ మనకంటే ఎక్కువగా తెలుస్తాయి, తినమనకుండా ఊరికే ఆడుకోనివ్వండి అని చెప్పింది.

సరే అని ఒక ఆదివారం కేక్ మొదలుపెట్టాను. గిన్నెలో మైదా, గుడ్లు, పాలు కలిపి, వాడి చెయ్యి పట్టుకుని అందులో ముంచాను. వార్డులో ఎంత ఓపిక ఉన్నా ఇంట్లో మనకి ఉండదు చూడండి! వాడు గుక్కపట్టి ఏడ్చాడు. తర్వాత వారం రోజులు కిచెన్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

అప్పుడు అర్థమైంది, మొదలే తప్పని. తడితో కాదు, పొడితో మొదలుపెట్టాలి. ట్రేలో బొంబాయి రవ్వ పల్చగా పరిచి, నేనే వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాను. వాణ్ణి పిలవలేదు. మూడో రోజు వాడే వచ్చి బొమ్మ కారు చక్రాలతో రవ్వలో రోడ్డు వేశాడు. ఆ తర్వాత వేలు పెట్టాడు. పక్కన ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉంచేదాన్ని. ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకోవచ్చని తెలిస్తే పిల్లలకి సగం భయం పోతుంది.

ఆ తర్వాత షార్ట్‌బ్రెడ్. ఇది చాలా సులువు: పంచదార 50 గ్రాములు, వెన్న 100, మైదా 150. గుడ్డు లేదు, నీళ్ళు లేవు, కాబట్టి చేతికి జిగురు పెద్దగా అంటదు. చల్లటి వెన్న ముక్కల్ని మైదాలో వేళ్ళతో నలుపుతుంటే రొట్టె పొడిలా అవుతుంది. మనం గవ్వలకి పిండిలో నెయ్యి వేసి కలిపి, పిడికిట్లో పట్టి ముద్ద అవుతుందా లేదా అని చూస్తామే, అదే ఇక్కడా చూడాలి. మావాడికి ఆ పట్టడమే ఆట. పట్టి, విప్పి, "విరిగిపోయింది!" అని నవ్వుతాడు. పంచదార వేసి, ముద్ద చేసి, ఒత్తి, నచ్చిన ఆకారాలు కోయించండి. ఫ్యాన్ ఓవెన్ అయితే 160 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. అంచులు లేత బంగారు రంగుకి రాగానే తీసేయండి. యాలకుల పొడి వేస్తే ఇల్లంతా పండగ వాసనే. యాలకులు ముందు వాడి ముక్కు దగ్గర పెట్టండి, వాసన చూడ్డం కూడా ఆటే.

నర్సుని కదా, జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. పచ్చి పిండి నాకనివ్వకండి. మైదాని వేడి చేసి క్రిములు చంపి అమ్మరు, అందులో ఈ.కోలై, సాల్మొనెల్లా ఉండొచ్చు. ఆట ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడిగించండి. అయిదేళ్ళలోపు వాళ్ళకి జీడిపప్పు గానీ బాదం గానీ పలుకులుగా వద్దు, పొడి చేసి వేయండి. గోధుమకి, పాలకి అలర్జీ ఉంటే ఈ పిండి అసలు వద్దు. ఓవెన్ దగ్గరికి మాత్రం మీరొక్కరే వెళ్ళాలి. పొరపాటున కాలితే, ఇంకా పసుపు, టూత్‌పేస్ట్, ఇంకు పూసేవాళ్ళు మనలో ఉన్నారు, దయచేసి వద్దు. కుళాయి కింద చల్లటి నీళ్ళు పూర్తిగా ఇరవై నిమిషాలు పోయండి. ఐసు పెట్టకండి. చిన్నపిల్లల కాలిన గాయం చిన్నదిగా కనిపించినా 111కి ఫోన్ చేసి అడగండి. పెద్దదైతే ఆలోచించకుండా ఏ అండ్ ఈకి తీసుకెళ్ళండి.

ఇంకోమాట. పిల్లలు తినే పదార్థాలు రానురాను తగ్గిపోతున్నా, బరువు పెరగకపోయినా ఆటలతో ఊరుకోకండి. జీపీకి చెప్పండి. మా కొలీగ్ "పెద్దయితే అదే పోతుందిలే" అనుకుంటూ ఏడాది ఆగి ఇప్పుడు బాధపడుతోంది.

మావాడు పెరుగన్నం ఇంకా ముట్టలేదు. కానీ మొన్న వీడియో కాల్‌లో రెండు చేతులూ పిండి పిండిగా కెమెరాకి ఆనించేసి, "నాయనమ్మా, చూడు!" అన్నాడు. స్క్రీన్ అంతా తెల్లగా అయిపోయి ఆవిడకి ఏమీ కనపడలేదు. "ఏంట్రా అది, పొగమంచా?" అంటోంది. నేను తుడవలేదు, కాసేపు అలాగే ఉండనిచ్చాను.