ఇల్లు కదలలేదు, జిల్లా మారింది

పిల్లలూ! మీ నాయనమ్మగారి తాతగారిది ఏ ఊరో మీకు తెలుసునా? గుణదలలో మా వీధి పిల్లవాడొకడు, ఆరో తరగతి చదివేవాడు, ఈ సంగతి తెలుసుకోవాలని బయలుదేరి, చివరకు ముఖం చిన్నబుచ్చుకుని నా దగ్గరకు వచ్చాడు.

"మాస్టారూ, వాళ్ళ తాతగారిది ఏలూరు దగ్గర పల్లెటూరని మా నాయనమ్మ చెప్పింది. కాని కృష్ణా జిల్లా అంటుంది. ఏలూరు కృష్ణా జిల్లా ఎలా అవుతుంది? ఆమెకు మతిమరుపు వచ్చిందని మా నాన్న నవ్వాడు," అన్నాడు.

"ఆయన ఎప్పుడు పుట్టారట?" అని అడిగాను.

"నందనలో."

తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి గదా! నందన 1832లో, 1892లో, 1952లో, 2012లో వచ్చింది. నాయనమ్మ పుట్టినది 1950లో. తాత మనుమరాలికంటె చిన్నవాడు కాడు. 1832 అంటే ఇద్దరికీ నూట పద్దెనిమిదేళ్ళ తేడా! కనుక 1892 అని వాడే తేల్చాడు.

ఇక జిల్లా సంగతి. 1892లో ఏలూరు గోదావరి జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరును కృష్ణానుంచి విడదీసినప్పుడు, ఏలూరు తాలూకాను తెచ్చి కృష్ణాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి, ఏలూరు అందులోకి పోయింది. 2022లో ఏలూరే ఒక జిల్లా అయింది. చూశారా? ఇల్లు ఉన్నచోటనే ఉన్నది. జిల్లా పేరు మాత్రం నాలుగు సార్లు వ్రాయవలసి వచ్చింది! మన గుణదల కూడా అదే ఏడు కృష్ణానుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది.

అందుకని పాత కాగితం వెతికేవాళ్ళు, "ఆ ఏట ఈ ఊరు ఏ జిల్లాలో ఉండేది?" అని ముందుగా అడగాలి. 1953దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము. ఆనాటి ప్రభుత్వ పత్రాలు ఎన్నో ఈనాటికీ చెన్నైలో, ఎగ్మూరులోని దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి. అయితే అంతదూరం పోకముందు ఇంట్లో ట్రంకుపెట్టె తెరవండి. క్రయదస్తావేజులో తండ్రి పేరు, కాపురమున్న ఊరు, భూమికి నాలుగు వైపులా హద్దులు ఉంటాయి. చర్చి జ్ఞానస్నానాల పుస్తకంలో బిడ్డ పేరుతోబాటు తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు కూడా వ్రాస్తారు. బడి రిజిష్టరూ పనికివస్తుంది. పుట్టినతేదీని మాత్రం వెంటనే నమ్మకండి! తేదీ తెలియని పిల్లలకు అయిదేళ్ళు నిండేటట్టు లెక్కగట్టి, జూలై ఒకటి అని వ్రాసిన పంతుళ్ళలో నేనూ ఒకణ్ణి.

కూలికి ఓడలెక్కి మారిషస్ పోయిన మనవాళ్ళకు కూడా కాగితాలే దారి చూపుతున్నాయి. అక్కడ మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ సంస్థవారు ఆ కూలీల రిజిష్టర్లు భద్రపరిచారు. ముత్తాతల పేర్లు వాటిలో వెతుక్కునేవారు ఈనాటికీ ఉన్నారు.

వారం తిరక్కుండా మా పిల్లవాడు పరుగెత్తుకు వచ్చాడు. వాళ్ళ పెట్టె అడుగున 1921నాటి దస్తావేజు దొరికింది. అందులో "కృష్ణా జిల్లా, ఏలూరు తాలూకా" అని స్పష్టంగా ఉన్నది! వాళ్ళ నాన్న అది రెండుసార్లు చదివి, వెళ్ళి తల్లి మంచం పక్కన కూర్చున్నాడట.

"తూర్పు హద్దు ఊరచెరువు," అని ఆమెకు చదివి వినిపించాడట.

"ఆ చెరువులోనేరా నేను ఈత నేర్చుకున్నది!" అన్నదట నాయనమ్మ.