అనుమానమెవరి మీద?

ప్రేక్షకుని కూర్చున్నచోటనే కట్టివేసి, రెండున్నర గంటలసేపు ఊపిరి బిగబట్టించు చిత్రమును మనవారు థ్రిల్లర్ అనుచున్నారు. అట్టి చిత్రమునకు పెట్టుబడి తుపాకియు కాదు, చీకటిగదియు కాదు. చూడవచ్చినవాని మనస్సులో అదివరకే గూడుకట్టుకొనియున్న అనుమానము. ఎవరిని శంకింపవలెను, ఎవరిని శంకింపనక్కరలేదు అను విషయమున పుట్టుకతో కాకున్నను పెంపకముతో వచ్చిన అభిప్రాయములు మనకందరకును కలవు. నెరసిన తలవలన అపాయము లేదు, పసిపిల్ల అబద్ధమాడదు, ఇల్లాలికి వంటయింటిని దాటిన యోచన ఉండదు, తెలివిగల ఒంటరి ఆడుదానిని మాత్రము నమ్మరాదు. కథకుడు వీనినే తెరగా దించి, దాని వెనుక నిజమును దాచును. 1960లో వచ్చిన ‘సైకో’ చిత్రమున హంతకురాలు ముసలితల్లియని మనలను చివరిదాక నమ్మించి, ఆమె చీర కట్టినట్లు ఆమె దుస్తులు తొడిగిన కొడుకును హిచ్‌కాక్ తుదకు వెలికి లాగెను. కావున హంతకుడెవరో తేలుటకు ముందుగనే, చిత్రము తీసినవారు ఆడువారిని గూర్చియు వృద్ధులను గూర్చియు ఏమనుకొనుచున్నారో తేలిపోవును.

పల్నాటివారికి ఈ సంగతి సినిమా వచ్చి చెప్పవలసిన పని లేదు. కారెంపూడిలో ఏటేట కార్తీకామావాస్య మొదలుకొని ఐదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో జరుగు వీరారాధనోత్సవమునకు మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములనుండి కదలివచ్చు జనమునకు పల్నాటి యుద్ధకథ యంతయు కంఠస్థమే. కోడిపందెమున మలిదేవుని పక్షము ఓడుననియు, ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలసివచ్చుననియు, రాయబారిగా వెళ్లిన అలరాజు విషమునకు బలియగుననియు తెలియనివారు అందులో ఉండరు; ఐనను రాయబారము నాడు గుండె దడ తప్పదు. రానున్న ఆపద చూచువారికి తెలిసి, పాత్రకు తెలియకపోవుటవలననే అసలైన ఉత్కంఠ కలుగునని హిచ్‌కాక్ పలుమార్లు చెప్పెను. మన వీరవిద్యావంతులు ఆ మర్మమును అంతకు చాల ముందే ఎరిగి, కథ పాడి, జనమును కూర్చుండబెట్టిరి.

ఆ కథలో అనుమానభారమంతయు మోసినది ఒక స్త్రీ. నాయకురాలు నాగమ్మ పన్నెండవ శతాబ్దమున గురజాలలో నలగామరాజునకు మంత్రిణి. కథాసంప్రదాయము ఆమెను వితంతువుగా చెప్పుచున్నది. భర్త లేదు, బిడ్డలు లేరు, తెలివి కలదు, అధికారము కలదు. ఇక శంకింపబడుటకు వేరొక కారణమేల? పందెమొడ్డినవారు ఇరుపక్షములవారును, ఓడినవారు ధర్మాత్ములైరి, గెలిచినది మాయలాడియైనది. మలిదేవుని పక్షమున నిలిచిన బ్రహ్మనాయుని యెత్తు రాజనీతియనిపించుకొనగా, నాగమ్మ యెత్తు కుతంత్రమనిపించుకొనినది. అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసిన బ్రహ్మనాయుని ఔదార్యమును నేను తక్కువ చేయుట లేదు. యుద్ధమునకు మూలమెవరని అడిగినప్పుడు మన వ్రేలు ఎంత తడుముకొనక ఆమె వైపునకు లేచునో, దానిని మాత్రమే చూపుచున్నాను.

ఈ గాథ రెండుమారులు ‘పల్నాటి యుద్ధం’ అను పేరుతోనే తెరకెక్కినది. గూడవల్లి రామబ్రహ్మము ప్రారంభించి, నడుమ కాలధర్మము చెందగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి చిత్రములో కన్నాంబయు, గుత్తా రామినీడు తీసిన 1966 నాటి చిత్రములో భానుమతియు నాగమ్మలైరి. ఇది మన యదృష్టము. కన్నాంబ కంఠమునందలి గాంభీర్యమును, భానుమతి చూపులోని నిర్లక్ష్యమును లేకున్నచో నాగమ్మ ఒట్టి దుష్టురాలిగా మిగిలిపోయెడిది; వారి చేతిలో ఆమె తనకంటె తక్కువ తెలివిగలవారి నడుమ మంత్రాంగము నడుపవలసివచ్చిన మనిషియైనది. ఇక వయస్సు మాట. మొదటి చిత్రమున బ్రహ్మనాయుడు యాబది దాటిన గోవిందరాజుల సుబ్బారావు. ఆయన కొడుకు బాలచంద్రుడు ఇరువదియేండ్లు దాటిన అక్కినేని. కథలోనైనను బాలచంద్రుని పరాక్రమమునకు అందము తెచ్చినది అతని పసితనమే. యుద్ధవార్త కొడుకు చెవిని పడకుండ తల్లి ఐతమ్మ ఆటలలో ముంచియుంచగా, బొంగరము తగిలి నొచ్చిన ఒక స్త్రీ ఈసడించిన మాట అతనిని రణమునకు నడిపించినది. యౌవనము నిష్కళంకమనియు, నడివయస్సు కపటమనియు మనము అప్పుడే పాలు పంచియుంచితిమి.

తెరపై వయస్సు మగవానికొక లెక్క, ఆడుదానికొక లెక్క. 1972లో ‘బడి పంతులు’ చిత్రమున ఎన్.టి. రామారావునకు మనుమరాలుగా నటించిన శ్రీదేవి, ఏడేండ్లు తిరుగునప్పటికి ‘వేటగాడు’లో ఆయనకే నాయికయైనది, తాతగారు మాత్రము నాయకుడుగనే యుండిరి. ఆమెయే 1991లో రామగోపాలవర్మ ‘క్షణ క్షణం’లో ఇంచుమించు తన యీడువాడైన వెంకటేశ్‌తో కలిసి దుండగులకును పోలీసులకును దొరకక అడవిలో పరుగెత్తు సామాన్యపు ఉద్యోగినిగా కనిపించినది. సత్య యను ఆ పిల్ల వీరవనిత కాదు. భయపడును, విసుగుకొనును, అడుగు తీసి అడుగు వేయలేక మారాము చేయును. ఆ భయము నిజమైనది గనుకనే చిత్రము నిలిచినది.

అనుమానము చేతులు మారు విధము స్పష్టముగా తెలియవలెనన్నచో 2019 ఆగస్టు 15న వచ్చిన ‘ఎవరు’ చిత్రమును దాని మాతృకతో పోల్చి చూడవలెను. ఇంకను చూడనివారు ఈ పేరాను దాటిపోవుట మేలు. ఒరియోల్ పౌలో తీసిన స్పానిష్ చిత్రమున నేరస్థుడు ధనికుడైన వ్యాపారి. అతనికి బాసటగా వచ్చిన వృద్ధురాలైన న్యాయవాది, అతనిచే నిజమును కక్కించు సమయమునకు, చనిపోయిన యువకుని తల్లియని తేలును. ముఖమునకు తొడుగు వేసికొని వచ్చిన ఆ తల్లిని అతడు ఏల శంకింపలేదు? పండిన జుట్టుగల స్త్రీని ఎవరును పరీక్షగా చూడరు గనుక. తెలుగున నేరము సమీర యను యువతిపైకి వచ్చినది. తానే అత్యాచారమునకు గురియైతినని, ప్రాణరక్షణకై కాల్చితినని చెప్పినది ఆమెయే, అబద్ధమాడినదియు ఆమెయే. వేషము మార్చి వచ్చి నిజము రాబట్టు పని వృద్ధమాతనుండి జారి, అడివి శేష్ ధరించిన యువకపాత్రకు, అనగా కన్నవానికై వచ్చిన కొడుకునకు, చేరినది. అదే యేట హిందీలో వచ్చిన ‘బద్లా’లోను నేరస్థురాలు స్త్రీ, పగ తీర్చుకొనువాడు తండ్రి. ‘ఎవరు’లో సమీరగా రెజీనా నటన చాల గొప్పది; దానిని ఒప్పుకొనుచునే, అత్యాచారము జరిగినదని చెప్పిన స్త్రీ మాటను అబద్ధముగా తేల్చుట కథకు ఎంత సులభమైన మలుపో తలచినప్పుడు నాకు మనస్సు చివుక్కుమన్నది.

ఇట్టిదే ‘అనామిక’ కథ. హిందీ ‘కహానీ’లో భర్తను వెదకుకొనుచు వచ్చిన విద్యా బాలన్ నిండుచూలాలి వేషమున తిరుగును, గర్భిణి హత్య చేయునని లోకము నమ్మదను లెక్కయే ఆమె ఆయుధము. 2014లో శేఖర్ కమ్ముల నయనతారతో తెలుగున తీసినప్పుడు కథను హైదరాబాదు పాతబస్తీకి తెచ్చి, ఆ గర్భమును తీసివేసెను. వేషము పోయినది, దానితోపాటు మన దయాగుణమునే మనకు వలగా పన్నిన చమత్కారమును పోయినది.

ఆ యేడాదియే శ్రీప్రియ దర్శకత్వమున వచ్చిన ‘దృశ్యం’ ఇంతకంటె లోతైనది. కేబుల్ టీవీ నడుపుకొను రాంబాబు ఇంటిలో ప్రాణము పోవుటకు కారణమైనది తల్లియు పెద్దకూతురును, చంపబడినది ఐ.జి. గీతా ప్రభాకర్ కొడుకు. నదియా పోషించిన ఆ పాత్రలో అధికారమును మాతృత్వమును ఒకదానిపై నొకటి పెనగులాడును. పోలీసులకు దొరికిన మెత్తని చోటు చిన్నకూతురు అను. పసిపిల్ల అబద్ధమాడదని వారి నమ్మకము; పసిపిల్ల చెప్పిన మాటను లోకము నమ్మునని తండ్రి నమ్మకము. ఇరువురును ఒకే నమ్మకమును రెండు చివరలనుండి లాగుచుండగా, నడుమ నలిగిపోయినది ఆ బాలిక. ఇంత చక్కగా తీసిన చిత్రమునను, కాలు చేయి ఆడక నిలిచినవారు ఆడువారు, ఉపాయము పన్నినవాడు మగవాడు అను పంపకము చెక్కుచెదరలేదు.

‘ఎవరు’ విడుదలై నెల తిరుగకముందే విక్రమ్ కుమార్ చిత్రమొకటి వచ్చినది. బ్యాంకు దొంగతనములో తమవారిని పోగొట్టుకొనిన ఐదుగురు, ముసలమ్మ మొదలు చిన్నపిల్ల దాక వేర్వేరు వయస్సులవారు, పగ తీర్చుకొనుటకు ఒకచోట చేరుదురు. వారిని పోగుచేసినది లక్ష్మి నటించిన వృద్ధురాలు. తోడు పిలిచినది హాలీవుడ్ చిత్రములనుండి కథలెత్తి నవలలు వ్రాయు పెన్సిల్ పార్థసారథిని. బామ్మ తన యెత్తును కొంతదూరము పార్థసారథికి తెలియనీయదు, మనకును తెలియనీయదు. పేరు విషయమున తగాదా వచ్చుటవలన జరిగినదే కావచ్చును గాని, ముఠాను కట్టినది బామ్మయై యుండగా, ఆ చిత్రమునకు ‘నానీస్ గ్యాంగ్ లీడర్’ అని కథానాయకపాత్ర ధరించిన నటుడు నాని పేరే స్థిరపడినది.