జర్మన్ బౌద్ధ గ్రంథాల పఠనంలో షష్ఠీ విభక్తి

పాళి, సంస్కృత బౌద్ధ వాఙ్మయాన్ని గురించిన ఐరోపా పరిశోధనలో గణనీయమైన భాగం జర్మన్ భాషలో వెలువడింది. హెర్మాన్ ఓల్డెన్‌బెర్గ్ 1881లో బుద్ధునిపై ప్రకటించిన గ్రంథం వంటి వాటిని మూలంలో చదవదలచినవారికి తొలుదొల్త ఎదురయ్యే చిక్కులలో షష్ఠీ విభక్తి ఒకటి.

తెలుగులో షష్ఠ్యంత పదం ముందు వస్తుంది: 'బుద్ధుని బోధ'. జర్మన్‌లో అది సాధారణంగా తరువాత వస్తుంది: 'ది లేరె డెస్ బుద్ధ'. ఇందులో 'లేరె' అనగా బోధ. 'డెస్ బుద్ధ' అనగా బుద్ధుని. కావున వరుసగా షష్ఠులు వచ్చినప్పుడు చివరినుండి అన్వయించుకోవాలి. 'ది గెషిఖ్తె డేర్ లేరె డెస్ బుద్ధ' అనగా 'బుద్ధుని బోధ యొక్క చరిత్ర'.

పుంలింగ, నపుంసకలింగ ఏకవచనాలకు 'డెస్' చేరుతుంది. నామం చివర సాధారణంగా 'స్' లేక 'ఎస్' వస్తుంది. దుఃఖవాచకమైన 'లైడెన్' ఇట్లు 'డెస్ లైడెన్స్' అవుతుంది. స్త్రీలింగానికీ బహువచనానికీ 'డేర్' వస్తుంది. పుంలింగ ప్రథమలోనూ ఇదే 'డేర్' కనిపించడం వల్ల లింగజ్ఞానం లేనిదే విభక్తి తెలియదు. వింటర్నిట్జ్ గ్రంథనామమైన 'గెషిఖ్తె డేర్ ఇండిషెన్ లిటెరాటూర్'లోని 'డేర్' స్త్రీలింగ షష్ఠి; అర్థం 'భారతీయ సాహిత్య చరిత్ర'.

వ్యక్తినామానికి ఉపపదం లేనప్పుడు 'స్' మాత్రమే చేరుతుంది. మజ్ఝిమనికాయ అనువాదానికి నాయ్‌మాన్ 'ది రేడెన్ గోతమో బుద్ధోస్' అని పేరు పెట్టాడు. 'గోతమో బుద్ధో' పాళి ప్రథమా రూపం. తుది 'స్' జర్మన్ షష్ఠి. 'బుద్ధోస్' అనేది వేరొక నామం కాదు.

రూపం కన్న అర్థనిర్ణయం కష్టతరం. కృదంతయోగంలో కర్తకూ కర్మకూ షష్ఠి వస్తుందని పాణిని చెప్పిన సంగతి సంస్కృత విద్యార్థులకు తెలిసినదే. జర్మన్‌లోనూ క్రియాజన్య నామాల విషయంలో ఇదే స్థితి. నిరోధసత్యాన్ని చెప్పడానికి 'ఆఉఫ్‌హోరెన్ డెస్ లైడెన్స్' అంటే దుఃఖం తానే ఆగిపోతుంది. అక్కడ దుఃఖం కర్త. 'ఆఉఫ్‌హేబుంగ్ డెస్ లైడెన్స్' అంటే దుఃఖం తొలగించబడుతుంది. అక్కడ అది కర్మ. రెండింటా షష్ఠీరూపం ఒకటే.

'దుఃఖనిరోధం' అనే తెలుగు సమాసం ఈ భేదాన్ని కప్పివేస్తుంది. కావున అనువాదకుడు ప్రతిచోటా 'యొక్క' చేర్చి ముందుకు సాగక, ప్రధాన నామంలోని క్రియ సకర్మకమా, అకర్మకమా అని పరిశీలించాలి. జర్మన్ పండితుడు నిరోధాన్ని సాధకుడు సాధించేదిగా గ్రహించాడా, హేతువులు తొలగగా తానుగా కలిగేదిగా గ్రహించాడా అనేది ఆ పరిశీలన వల్లనే తేలుతుంది.