చూపుకూ అదను ఉంది

“బిడ్డ మా ముఖం వంక చూడడు, పెద్దయితే చూస్తాడులే” అని తాండూరు వైపు పల్లెల్లో తల్లులు అనగా మేము విన్నాము. తల్లులారా, ఆ మాటతో ఊరుకోకండి.

కన్ను వెలుగును తెస్తుంది. దాన్ని చదవడం మెదడు నేర్చుకోవాలి. జర్మనీలోని హాంబర్గు విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త బ్రిగిటె రోడర్ గారు, హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్లతో కలిసి ఈ సంగతే పరిశోధించారు. పుట్టుకతోనే రెండు కళ్లలో శుక్లాలుండి, ఆలస్యంగా ఆపరేషన్ అయినవారి తలకు తీగల టోపీ పెట్టి బొమ్మలు చూపించారు. మనిషి ముఖం కనబడగానే మామూలుగా మెదడులో ఒక ప్రత్యేక స్పందన కలుగుతుంది. వీరిలో ముఖానికీ ఇతర బొమ్మలకూ ఆ తేడా కనబడలేదు. పసితనంలో చూపుండి, తర్వాత శుక్లం వచ్చినవారిలో కనబడింది. ఈ ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

వికారాబాదు రైతులకు అదను గురించి మేము చెప్పాలా? ఆలస్యంగా వేసిన కంది మొలుస్తుంది గాని దిగుబడి తగ్గుతుంది. మెదడులోని నరాల అల్లికా అంతే.

నల్లగుడ్డు నడుమ తెల్లగా కనబడినా, రెండు నెలలు నిండినా బిడ్డ మీ ముఖం చూడకపోయినా, పసరు పోయించకండి. వెంటనే కంటి డాక్టరుకు చూపండి. దట్టమైన శుక్లాలుంటే మొదటి రెండు నెలల్లోనే ఆపరేషన్ మేలు. ఆలస్యమైనా మానవద్దు, దక్కిన చూపు కొంచెమైనా బిడ్డకు అది గొప్ప మేలే.