బొమ్మ రైలుబాటకు తుప్పు రంగు

నమూనా రైలును కొన్నవారు ఇంజనును, పెట్టెలను మురిసి చూతురేగాని దాని క్రిందనున్న బాటను అంతగా గమనింపరు. అయినను ఇది బొమ్మ సుమా అని చూపరులకు ముందుగా చాటిచెప్పునది ఆ బాటయే. అట్టపెట్టెలోనుండి తీసిన క్రొత్త బాటయందు పట్టాలు పైననే గాక ప్రక్కలనుగూడ వెండివలె మెరయును. స్లీపర్లు నిగనిగలాడు నల్లని ప్లాస్టిక్కు. ఇట్టి బాట నిజమైన రైల్వేలలో ఎక్కడను కానరాదు. ఈ లోపమును ఇంటివద్దనే, కొద్దిపాటి రంగులతో సవరించు విధమును ఇక్కడ వివరింతుము.

రంగు సీసా మూత తీయుటకు పూర్వము ఏదేని స్టేషనులో ప్లాట్‌ఫారముపై నిలిచి నిజమైన బాటను పది నిమిషములు పరిశీలింపుడు. పట్టా పైతలము మాత్రమే చక్రముల రాపిడిచేత తళతళలాడును. ప్రక్కలన్నియు తుప్పుపట్టి యుండును. తుప్పు అనగానే కొందరు నారింజరంగు పూయుదురు. అది నిన్న మొన్న పట్టిన తుప్పునకు చెల్లును. ఏండ్ల తరబడి దుమ్ము, నూనె, బ్రేకులనుండి రాలిన పొడి పేరుకొన్న పట్టాకు పాత చింతపండు రంగే తగినది. బండ్లు ఆగుచోట ఆ రంగు మఱింత చిక్కనగును. బండ్లు అరుదుగా వచ్చు ప్రక్కదారిలోనైతే పట్టా పైతలముగూడ మెరుపు మాసియుండును.

స్లీపర్ల విషయమున కాలమును ముందుగా నిర్ణయించుకొనవలయును. ఎండవానలకు ఓర్చిన కొయ్య స్లీపరు గోధుమవన్నెను కోల్పోయి బూడిదరంగునకు తిరుగును. ఉక్కు స్లీపర్లు పట్టాలవలెనే తుప్పువన్నె. నేటి మన ప్రధాన మార్గములలో విరివిగా కనబడు కాంక్రీటు స్లీపర్లు లేత బూడిదరంగు. 1950 నాటి ఆవిరియింజనును కాంక్రీటు స్లీపర్లపై నడిపినచో ఎరిగినవారు నవ్వుదురు. కొయ్య స్లీపర్లన్నిటికిని ఒకే రంగు పూయరాదు. అక్కడక్కడ ఒకటి రెండు కొంచెము ముదురుగా, కొంచెము లేతగా ఉన్నప్పుడే అవి కొయ్యయని కన్ను నమ్మును.

రంగు కొన్ని లోపములను దాచును, కొన్నిటిని దాచజాలదు. ఎక్కువమంది వాడు ఎచ్.ఓ. నమూనా అసలులో 87వ వంతు. దాని పట్టాల నడిమి వెడల్పు 16.5 మి.మీ.; ఇది 1435 మి.మీ. వెడల్పుగల విదేశీ బాటకు సరిపోవును. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ.; అందుకు 19 మి.మీ. పైచిలుకు కావలయును. కావున మన ఇంజనుల నమూనాలు ఆ బాటపై ఒకింత ఇరుకుగా నిలువక తప్పదు. దీనికి రంగు మందుకాదు. పట్టా ఎత్తు సంగతి వేరు. కోడ్ 100 అను పట్టా ఎత్తు 2.54 మి.మీ., అనగా అసలు కొలతలో 22 సెంటీమీటర్లు. మన 60 కిలోల పట్టా ఎత్తు 17.2 సెంటీమీటర్లే. ప్రక్కలకు నీడవంటి ముదురురంగు పట్టించినచో ఈ అదనపు ఎత్తు కంటికి చాలవరకు కానరాదు. మా దృష్టిలో రంగువలన కలుగు గొప్ప మేలు ఇదియే.

ఇక పని. బాటను సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలయును. అచ్చునుండి వచ్చిన జిడ్డు ఉన్నచోట రంగు నిలువదు. విద్యుత్తు తెచ్చు తీగలను రంగునకు ముందే టంకముతో అతికి, ఇంజనును ఒకమారు నడిపి చూడవలయును. ఈ జాగ్రత్తను ఉపేక్షింపరాదు. సాధారణముగా ఈ బండ్లకు 12 వోల్టుల విద్యుత్తు పట్టాలనుండియే చక్రముల ద్వారా అందును. రంగు విద్యుత్తును పారనీయదు. అందము కొఱకు పూసిన పూతయే బండిని నిలిపివేయగలదు. పాయింట్లలో కదలు నాలుక పట్టాను తాకుచోటును కాగితపు టేపుతో కప్పవలయును.

నీటితో కలియు ఆక్రిలిక్ రంగు ఇంటికి మేలు. ముదురు గోధుమకు కొంచెము బూడిదరంగు చేర్చి, సన్నని కుంచెతో పట్టా ప్రక్కలకు పలుచగా పూయవలయును. ఒక జానెడు పూసిన వెంటనే, ఆరకమునుపే, చిన్న కొయ్యముక్కకు చుట్టిన గుడ్డతో పైతలమును తుడువవలయును. ఆరిన పిదప గరుకు కాగితముతో రుద్దువారున్నారు. రుద్దిన గీతలలో మురికి చేరును గనుక ఆ పద్ధతి మాకు సమ్మతము కాదు. ఆరిన రంగు మిగిలినచో గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపి తుడిచిన పోవును. అది అంటుకొను ద్రవము. కిటికీలు తెరచి, మంటకు దూరముగా వాడుడు.

కంకర చివరిది. నిజమైన కంకరలో పెద్దరాయి సుమారు 65 మి.మీ.; నమూనాలో అది ముప్పాతిక మిల్లీమీటరు. కనుక సన్నని జల్లెడపట్టిన రాతిపొడియే తగును. దానిని స్లీపర్ల నడుమ, వాటి పైమట్టమును మించకుండ సర్ది, సబ్బుచుక్క కలిపిన నీటిని మంచువలె చల్లి, ఒకపాలు తెల్లజిగురునకు మూడుపాళ్లు నీరు కలిపి బొట్లుబొట్లుగా వదలవలయును. పాయింట్ల దాపున జిగురు తగులనీయరాదు. రాత్రంతయు ఆరనిచ్చి, పైతలమును మరల తుడిచి బండి నడుపుడు.

రేడియోగల ఇండ్లవారికి ఇంకొక సౌకర్యము. చక్రమునకు పట్టాకు నడుమ మురికియున్నచోట చిన్న నిప్పురవ్వలు పుట్టి, దగ్గరనున్న రేడియోలో మీడియం వేవ్‌పై చిటపట వినిపించును. ఇంజను మోటారు గుఱగుఱ ఎప్పుడును కొంత ఉండునదే. బండి ఒకే తావును దాటునపుడెల్ల ఆ చిటపట హెచ్చినచో, తుడువవలసిన చోటు అదియే.