మూలము నుండి సాధనము

మనము కంప్యూటరునకు వ్రాసి యిచ్చు ఆదేశములు మనకు బోధపడు భాషలో నుండును. యంత్రమునకు ఆ భాష తెలియదు. ఉభయులకు నడుమ దుబాసివలె నిలుచునదియే కంపైలరు. మంచి దుబాసి మాటకు మాట అప్పగించి యూరకొనడు. వృథా ప్రయాసను గూడ తొలగించును. మహబూబాబాద్ మార్కెట్టులో వేయి మిరప బస్తాలకు వెల కట్టవలె ననుకొందము. అన్నిటికిని ఒక్కటే యైన కమీషను రేటును బస్తా బస్తాకు మరల లెక్కించు టెందులకు? ఒకసారి లెక్కించి ప్రక్కన నుంచుకొనిన చాలును. ఇట్టి సవరణలకే ఆప్టిమైజేషను అని పేరు.

ఏ సవరణ ముందు, ఏది తరువాత అను నిర్ణయము సులభము కాదు. అందుకు తోడ్పడుటకై హైదరాబాద్ ఐ.ఐ.టి. ఆచార్యులు రామకృష్ణ ఉపద్రష్ట, వారి సహచరులు "ఐఆర్‌టువెక్" అను సాధనమును నిర్మించి, 2020లో పరిశోధన పత్రమును ప్రకటించిరి. ఇది ప్రోగ్రామును సంఖ్యల వరుసగా మార్చును. ఆ సంఖ్యలను బట్టి మెషీన్ లెర్నింగు పద్ధతులు తగిన సవరణను ఎన్నుకొనగలవు. దీనికి పునాది ఎల్.ఎల్.వి.ఎం. అను కంపైలరు వ్యవస్థ. అది అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 2000లో ఆరంభమైనది.

ఈ సాధనపు సోర్సు కోడు ఎల్లరకును అందుబాటులో నున్నది. అంగడిలో కొన్న కారపుపొడి వేరు, కాయలను చూచి యేరి ఇంట దంచుకొన్న పొడి వేరు. మూలము నుండి నిర్మించుకొనువాడు లోపల నేమున్నదో చూడగలడు.

ముందుగా సి++ కంపైలరు, సీమేక్, ఐగెన్ అను గణిత లైబ్రరీ, ఎల్.ఎల్.వి.ఎం. సమకూర్చుకొనవలెను. ఎల్.ఎల్.వి.ఎం. వెర్షను సాధనము కోరిన దానితో సరిపోవుట ముఖ్యము. దాని లోపలి యేర్పాట్లు వెర్షను వెర్షనుకు మారుచుండును. పాత కొలతకు చేసిన తలుపు క్రొత్త ద్వారబంధమునకు పట్టదు గదా! సిద్ధముగా దొరకు ఎల్.ఎల్.వి.ఎం. సరిపోయినచో, దానినంతయు నిర్మింప నక్కరలేదు. నిర్మింపవలసి వచ్చినచో, తుదిని భాగములను కూర్చు లింకింగు దశలో మెమరీ చాలక పని నిలిచిపోవచ్చును. అప్పుడు ఏకకాలమున సాగు పనుల సంఖ్యను తగ్గింపవలెను.

తరువాత వేరొక ఫోల్డరులో సీమేక్‌ను నడుపవలెను. అది యంత్రమును పరిశీలించి నిర్మాణ ప్రణాళికను సిద్ధపరచును. "మేక్" అను ఆదేశము ఆ ప్రణాళిక ననుసరించి సాధనమును నిర్మించును. చిన్న ప్రోగ్రాముపై పరీక్షించిన పిమ్మటనే ఇన్‌స్టాల్ చేయవలెను. అదియు మొదట సొంత ఫోల్డరులోనే. అప్పుడు తొలగించుట సులభము.

నడుమ వందల పంక్తుల దోషములు కనిపించినను బెదరరాదు. మొదటి దోషమును సరిదిద్దినచో తక్కినవి తరచుగా తామే తొలగును.

జనగామలో గాని, భూపాలపల్లిలో గాని ఒక విద్యార్థి సామాన్యమైన కంప్యూటరుతోనే ఈ పని చేయవచ్చును. అతనికి దక్కునది సాధనము మాత్రమే కాదు. అందొక పంక్తిని మార్చి, మరల నిర్మించి, ఫలితమును స్వయముగా చూచు అధికారము.